ఆఖరి స్టాపు తర్వాత

మా సెగెద్‌లో ఎత్తు లేదు.
ఎక్కడానికి ఉన్నదల్లా తిసా నది కరకట్ట,
పదహారు మెట్లు, ఒకవైపు కమ్మీ.
మోకాలు మార్చిన డాక్టరు చీటీ మీద రాశాడు:
రోజూ నడవాలి, చదునైన చోట.
నవ్వొచ్చింది.
ఇక్కడ చదును కాని చోటు చూపించమనండి,
బస్సు ఛార్జీ నేనిస్తాను.

మంగళవారం, తొమ్మిదీ ఇరవై.
వెండెల్ నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంటాడు.
ముప్ఫయ్యొక్కేళ్ళు ఈ బస్సే తోలాడు,
ఆసుపత్రి లాండ్రీలో పొద్దుటి షిఫ్టుకి
నేను ఈ బస్సే ఎక్కాను.
ఎరిగిన మనిషి అనాలో వద్దో:
నాకు తెలిసింది ఆయన మెడ వెనకాలి మడత,
ఆయనకు తెలిసింది అద్దంలో నా ఉన్ని టోపీ.
మాట్లాడుకున్నది ఒక్కసారే,
తలుపులో నా సంచి ఇరుక్కున్నప్పుడు.

ఇప్పుడు పక్కపక్కన కూర్చుంటాం.
ప్రతి స్టాపుకీ ఆయన కుడిపాదం
నేలను మెల్లగా నొక్కుతుంది.
కొత్త డ్రైవరు పిల్ల మలుపు కాస్త కోసి తిప్పితే
"ఊఁ" అంటాడు, అంతే,
కోడలు పోపు మాడ్చినప్పుడు అత్తగారు అన్నట్టు.

మా నడకలు పెద్దవేం కావు.
మొదటి వారం వంతెన దాటి పార్కులోకి,
ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి.
దారిలో ఒక గోడ మీద గీత:
ఎప్పటిదో వరద, ఇంతదాకా వచ్చిందట.
నా నుదురు దాటి జానెడు పైకి.
ఈ ఊళ్ళో ఎత్తును కొలిచింది
నీళ్ళొక్కటే కాబోలు.

రెండో వారం శివార్లలో మిరపతోటలు.
సెప్టెంబరు కదా, చూరులన్నిటికీ ఎర్రటి దండలు.
తుమ్ముతూ వెళ్ళాం, తుమ్ముతూ వచ్చాం.
మూడో వారం వాన.
స్టాపు రేకు కింద నిలబడి నాలుగు బస్సుల్ని సాగనంపి,
ఇదీ నడకే అని ఒప్పుకుని
ఎవరింటికి వాళ్ళం.

నాలుగో వారం తాపే, ఆఖరి స్టాపు.
దిగగానే అలవాటుగా వాచీ చూసుకున్నాడు.
"ఇక్కడ నాకు ఏడు నిమిషాలుండేవి, బోర్బాలా.
థర్మాస్ మూతడు కాఫీ,
అద్దం తుడుచుకోవడం, బోర్డు తిప్పడం.
ఆ కట్టకి అవతల..."
మిగతాది మింగేశాడు.
లెక్కలు రాకపోయినా లెక్క వేశాను:
రోజుకు తొమ్మిదిసార్లు, ముప్ఫయ్యొక్కేళ్ళు.
అన్నిసార్లూ వచ్చాడు,
అన్నిసార్లూ ఇక్కడే వెనక్కి తిప్పాడు.

ఒకింటి వరండాలో ఒకావిడ
జమ్ముతో చాప అల్లుతోంది.
చేతులు ఖాళీ లేవు,
దారి గడ్డంతోనే చూపించింది.
కట్టకి ఇక్కడ మెట్లు లేవు, గడ్డి వాలు.
నా కర్ర ఆయన తీసుకున్నాడు,
ఆయన భుజం నేను తీసుకున్నాను.
గొర్రెలు కాస్త జరిగి చోటిచ్చాయి,
టికెట్ అడక్కుండా.

అవతల ఒకటి కాదు, రెండు నదులు.
ఎదుటి ఒడ్డు చీల్చుకుని మరోష్ వచ్చి
తిసాలో పడుతోంది.
ఒకటి డికాక్షన్ రంగు, ఒకటి పాలు పోసిన రంగు.
కలిశాయన్న పేరే గానీ
చాలాదూరం అలా పక్కపక్కనే,
దేని రంగు దానిదే.

"గాలాలు పట్టుకుని దిగేవాళ్ళు," అన్నాడు,
"రోజూ ఐదారుగురు.
కాలికి బురదతో మళ్ళీ ఎక్కేవాళ్ళు.
మెట్లు పాడుచేస్తున్నారని కసిరేవాణ్ణి గానీ
ఎక్కడి బురద అని అడగలేదు."

వెనకాల మా బస్సు తలుపులు
బుస్సుమని మూసుకున్న చప్పుడు.
ఇంజను, గేరు, వీధి మలుపు.
నేను ఆయన పాదం వంకే చూస్తున్నాను.
కదల్లేదు.

తర్వాతి బస్సు నలభై నిమిషాలకి.
నా సంచిలో రెండు ప్లమ్ పళ్ళున్నాయి,
ఒకటి దారిలో నలిగింది.
నలిగింది నేను తీసుకున్నాను.